పదిహేడో ప్రశ్న తీసేశాక

ఫిబ్రవరి 3

తమ్ముడూ,

నా కూతురి చేత చదవడం మాన్పించింది నువ్వే. ఇంకెవరి మీదకీ తొయ్యకు. నాలుగు నెలలు మీ ఇంట్లో ఉండి ఇంగ్లీషు పరీక్షకి తయారవుతుందని పంపితే, అది నాకు రాసిన ఉత్తరం ఇదీ: 'అమ్మా, మామయ్య పాసేజీ చదవొద్దన్నారు. ముందు ప్రశ్నలు చూడాలిట. తర్వాత ఒక్కో పేరాలో మొదటి వాక్యం, చివరి వాక్యం. మధ్యలోకి వెళ్తే టైము మింగేస్తుందిట.'

మధ్యలో ఏముంటుందిరా? రాసినవాడు అసలు చెప్పదలుచుకున్నది ఉంటుంది. అది ముట్టుకోకుండా జవాబు పెట్టే పిల్లని తయారు చేసి, దానికి 'వ్యూహం' అని పేరు పెట్టి, పుస్తకం వేసి అమ్ముతున్నావు. ఆ పుస్తకానికి ప్రూఫులు దిద్దింది నేనే. అదింకో సిగ్గు.

ఈ పిల్ల ఇంగ్లీషు ఎలా నేర్చుకుందో నీకు తెలీదా? బళ్లో రెండేళ్లు ఇంగ్లీషు టీచరే లేదు. మా వీధి చివర పశువుల ఆసుపత్రిలో మందుల డబ్బాల్లో మడిచిపెట్టే కాగితాలు ఏరుకొచ్చి, డిక్షనరీ ఒళ్లో పెట్టుకుని చదివింది. ఆవుకి ఎంత, గొర్రెకి ఎంత, చూడి పశువుకి ఇవ్వచ్చా లేదా. ఆ కాగితంలో మొదటి వాక్యం, చివరి వాక్యం చదివి మందు వేస్తే పశువు చస్తుంది. పశువైద్యం చదవాలనుకునే పిల్లకి నువ్వు నేర్పుతున్నది అదే.

ఫోను చెయ్యకు. ఫోనులో ఇద్దరం ఒకేసారి అరుస్తాం, ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఉత్తరంలో అయితే నా వంతు పూర్తిగా అరవచ్చు.

మరదలికి దగ్గు తగ్గిందా? ఆ టైర్ల కొట్టు మీద గదుల్లో దుమ్ము ఉండక ఏమవుతుంది?

నీ అక్క

ఫిబ్రవరి 11

కరపత్రం అక్కకి,

నీ ఉత్తరం మూడో బ్యాచికీ నాలుగో బ్యాచికీ మధ్య చదివాను. కింద టైర్ల కొట్టువాడు సుత్తితో బాదుతున్నాడు, పైన నువ్వు. ఎవరిది ఎక్కువ చప్పుడో తేలలేదు.

లెక్క చెప్తాను విను. నలభై ప్రశ్నలు, ముప్పై అయిదు నిమిషాలు, అయిదు పాసేజీలు. నీ కూతురు ఒక్కో పాసేజీ ఆరు నిమిషాలు చదువుతుంది. చదివి, పక్కన పెట్టి, కిటికీలోంచి చూస్తూ దాని గురించి ఆలోచిస్తుంది కూడా. అయిదు ఆర్లు ముప్పై. మిగిలిన అయిదు నిమిషాల్లో నలభై ప్రశ్నలకి జవాబులు పెట్టమని చెప్పు, చూద్దాం.

ఇంట్లో ఇంగ్లీషులో పోట్లాడుకునే వాళ్ల పిల్లలకి నా సూత్రాలు అక్కర్లేదు. వాళ్లు నా దగ్గరికి రారు. ఇక్కడికి వచ్చేది డ్రైవరు కూతురు, టైలరు కొడుకు, నీ కూతురు. నలభైకి ఇరవై నాలుగు రాకపోతే మిగతా సబ్జెక్టుల్లో ఎంత వచ్చినా ఆ కాలేజీ గేటు తియ్యదు. ఆ గేటు అన్యాయమని నువ్వు వ్యాసం రాయి, నేను చదువుతాను. ఈలోగా గేటు ఎలా దూకాలో నన్ను నేర్పనీ.

అసలు సంగతి వేరే ఉంది. పుస్తకంలో మూడో మోడల్ పరీక్ష పెట్టాను. అసలు పరీక్షకి దగ్గరగా ఉండేది అదొక్కటే. పిల్లలు రాసి, వెనక పేజీల్లో ఉన్న జవాబుల కీ చూసి వాళ్లే దిద్దుకుంటారు, మొత్తం నాకు చెప్తారు. మన లాయరమ్మకి, అదే నీ కూతురికి, ఇరవై వచ్చింది. మొదటి పదహారులో పద్నాలుగు ఒప్పులు. తర్వాత ఇరవై నాలుగు ప్రశ్నల్లో ఆరంటే ఆరు. అంటే ఏమిటి? సగం దూరం పరిగెత్తి కూలబడుతోంది. అంత లోతుగా చదివితే బుర్ర అలిసిపోదా? అందుకే పాసేజీ మొత్తం చదవొద్దన్నాను. సరదాకి కాదు.

ఇంకో మాట. ఆ మూడో పరీక్షలో పదిహేడో ప్రశ్న తీయించేదాకా నువ్వు నన్ను బతకనిచ్చావా? మిల్లు కూలీలు పేదవాళ్లుగా ఎందుకున్నారు అంటే 'సమయం విలువ తెలియక' అన్నది రచయిత అభిప్రాయం, నాది కాదు మొర్రో అన్నా విన్నావా? తీసేశాను కదా. నీ మాట నేను ఒకటి విన్నాను. నా మాట నువ్వొకటి విను.

నీ మరదలికి దగ్గు తగ్గింది. నీ ఉత్తరం చదివి నవ్వింది.

తమ్ముడు

ఫిబ్రవరి 20

తమ్ముడూ,

పదిహేడో ప్రశ్న నా మీద దయతో తీసేసినట్టు మాట్లాడకు. అరవై మంది కూలీల పిల్లలు కూర్చుని, మా నాన్న సోమరి కాబట్టే మేమిలా ఉన్నాం అనే జవాబుకి టిక్కు పెట్టి మార్కు తెచ్చుకోవాలా? మళ్లీ పెడితే మళ్లీ కొట్టేస్తాను. దాని మీద నేను రాసిన వ్యాసానికి పద్నాలుగు ఉత్తరాలొచ్చాయి. అందులో పది తిట్లే, అయినా వచ్చాయి.

గేటు దూకడం నేర్పుతున్నానంటావు. నువ్వు నేర్పుతున్నది అది కాదు. గేటు కట్టినవాడికి ఏ జవాబు నచ్చుతుందో ఊహించడం నేర్పుతున్నావు. 'ఎప్పుడూ', 'ఎన్నడూ' లాంటి మాటలున్న జవాబు కొట్టెయ్. మరీ పొడుగుదీ, మరీ పొట్టిదీ కొట్టెయ్. మిగిలిన రెండింట్లో మెత్తగా ఉన్నదానికి టిక్కు పెట్టు. ఇందులో ఇంగ్లీషు ఎక్కడుందిరా? తాళం తీసేవాళ్లకి శిక్షణ ఇచ్చినట్టుంది.

సగం దూరం పరిగెత్తి కూలబడుతోందట. ఆవు ఈనుతుంటే ఆసుపత్రి షెడ్డులో ఏడు గంటలు నిలబడి దీపం పట్టుకున్న పిల్ల. ముప్పై అయిదు నిమిషాలకి అలిసిపోతుందా? నీ టైర్ల చప్పుడుకి అలిసిపోయుంటుంది. లేకపోతే నీ సూత్రాలకి.

దానికి విడిగా రాశాను: మామయ్య చెప్పింది వినిపించుకోకు, నీకు అర్థమైందే పెట్టు, అని. నీకు చెప్పకుండా రాశాననుకోకు, అందుకే చెప్తున్నాను.

ఇక్కడ మా ప్రెస్సులో పెద్ద మెషిన్ రోలరు పాడై నాలుగు రోజులైంది. యజమాని అందరి మీదా విరుచుకుపడుతున్నాడు. నేను కూడా వెనక్కి తగ్గలేదు.

నీ అక్క

మార్చి 9

అక్కా,

ఈసారి హాస్యం లేదు. పొద్దున నీ ఉత్తరం వస్తుంది, 'నీకు అర్థమైందే పెట్టు' అని. సాయంత్రం నేను చెప్తాను, 'నీకు తోచింది పెట్టకు, ఆలోచించి పెట్టు' అని. మధ్యలో అది నలిగిపోతోంది. పోయిన వారం క్లాసయ్యాక బెంచీ మీద ఒక్కతే కూర్చునుంటే వెళ్లి అడిగాను.

"మామయ్యా, నాకు ఇదే కరెక్టు అని గట్టిగా అనిపించినవే తప్పవుతున్నాయి. అనుమానంగా పెట్టినవి ఒప్పవుతున్నాయి. ఎందుకలా?" అంది.

"ఏ పరీక్షలో?"

"మూడోది."

"అది అంతే తల్లీ. ఉచ్చులు పెట్టి తయారుచేసింది. అందరూ అందులో జారతారు."

అప్పుడు తొమ్మిదో సూత్రం మళ్లీ చదివించాను: మొదట చూడగానే నచ్చిన జవాబు చాలాసార్లు ఉచ్చు, ఇంకోసారి చూడు. శ్రద్ధగా నోట్సులో రాసుకుంది. ఆదివారం అదే పరీక్ష మళ్లీ రాసింది, ఇరవై రెండు వచ్చింది. చూశావా, రెండు పెరిగాయి.

నీకు దండం పెడతాను, పరీక్ష అయ్యేదాకా దానికి ఏమీ రాయకు. తిట్టాలనుకుంటే నన్ను తిట్టు. నాకు అలవాటే.

తమ్ముడు

మార్చి 30

తమ్ముడూ,

మూడు వారాలుగా దాని దగ్గర్నుంచి ఉత్తరం లేదు. నన్ను రాయొద్దన్నావు, మానేశాను. దాన్ని కూడా రాయొద్దని చెప్పావా? తల్లికి ఉత్తరం రాయకూడదని ఎన్నో సూత్రం?

నేను అరిచే మనిషిని, నిజమే. కానీ నా నోరు మూయించడానికి నా కూతుర్ని వాడుకోకు. ఇంతకంటే రాస్తే కాగితం చిరుగుతుంది.

నీ అక్క

ఏప్రిల్ 5

అక్కా,

దాన్ని నేనెందుకు వద్దంటాను? 'అమ్మకి రాయవే' అంటే, 'ఏం రాయాలి మామయ్యా, ఏం రాసినా ఆవిడ మీకు కోపంగా ఉత్తరం రాస్తుంది' అంది. నీకు చెప్పకూడదనుకున్నాను, కానీ నింద వేశావు కాబట్టి చెప్తున్నాను.

మూడో పరీక్ష మూడోసారి రాసింది. ఇరవై అయిదు. గీత దాటింది. నా సూత్రాలు పని చేస్తున్నాయని ఒప్పుకోవడానికి నీకు ఇంకా ఏం కావాలి? ఇరవయ్యో తారీకు పరీక్ష. నేనే తీసుకెళ్తాను.

తమ్ముడు

మే 10

అక్కా,

ఫలితాలు నువ్వూ చూసే ఉంటావు. జీవశాస్త్రంలో మా సెంటర్లో అందరికంటే పైన. ఇంగ్లీషులో ఇరవై ఒకటి. మూడు మార్కుల్లో పోయింది.

ప్రశ్నల పుస్తకం ఇంటికి తెచ్చుకోనిస్తారు కదా, కూర్చుని చూశాను. ముందు పెన్సిలుతో ప్రతి ప్రశ్న దగ్గరా చిన్న చుక్క పెట్టుకుంది. ఆఖరి పది నిమిషాల్లో పదకొండు జవాబులు మార్చేసింది. ఆ పదకొండులో పది, ముందు పెట్టిన చుక్కే ఒప్పు. ముట్టుకోకుండా వదిలేసి ఉంటే ముప్పై ఒకటి.

దాని మీద దానికి నమ్మకం లేకుండా చేసింది ఎవరో నేను చెప్పక్కర్లేదు. వారం వారం ఉత్తరాల్లో 'మామయ్య చెప్పేదంతా మోసం' అని రాస్తే, పిల్ల ఎవర్ని నమ్మాలి? నన్ను నమ్మలేక, నిన్ను కాదనలేక, చివరికి తనని తాను కొట్టేసుకుంది. నీ సిద్ధాంతాలకి సీటు పోయింది అక్కా.

జూన్ ఇరవై ఎనిమిదిన రెండో విడత పరీక్ష ఉంది. అది రాయనంటోంది. రేపు బస్సు ఎక్కిస్తున్నాను. పెట్టెలో పుస్తకం, నోట్సు పెట్టింది మీ మరదలు. అమ్మాయి తీసి బయట పెడితే మీ మరదలే మళ్లీ పెట్టింది.

తమ్ముడు

మే 17

తమ్ముడూ,

నా సిద్ధాంతాలకి సీటు పోయిందన్నావు. మంచిది. నేనూ దస్త్రం తయారు చేస్తున్నాను. నీ పుస్తకం, అమ్మాయి మూడు ఆదివారాల జవాబు కాగితాలు పెట్టెలోంచి తీసి నా బల్ల మీద పెట్టుకున్నాను. నీ ఒక్కో సూత్రం ఆ పిల్ల బుర్రని ఎక్కడెక్కడ ఎలా వంచిందో ప్రశ్న ప్రశ్నకీ చూపిస్తాను. వ్యాసం వస్తుంది. నీ సెంటర్ పేరు రాయను, తమ్ముడివి కాబట్టి. కానీ చదివినవాళ్లకి అర్థమవుతుంది.

అమ్మాయి ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి ఒక్క ముక్క చదవలేదు. పశువుల ఆసుపత్రిలో చీటీలు రాసే పనికి కుదిరింది. ఎవరి ఆవు, ఎన్నో నంబరు, అంతే. ఆ డాక్టరు అడిగాడట, మందు కాగితం చదివి చెప్పమ్మా అని. "నేను చదివితే తప్పు చదువుతాను సార్, మీరే చూసుకోండి," అందట. ఈ మాట ఆయనే వచ్చి నాకు చెప్పాడు. విన్నావా?

మే 21

పై ఉత్తరం అక్కడ ఆపి నాలుగు రోజులైంది. చింపేద్దామనుకున్నాను. చింపితే నీకు తెలియదు కాబట్టి ఉంచాను.

మూడో పరీక్ష తీసుకుని, ప్రశ్నలు నేనే చదివి, జవాబులు నేనే పెట్టుకున్నాను. పదిహేడు నుంచి నావి కూడా తప్పులు. ముప్పై ఏళ్లుగా అచ్చు చదివే మనిషిని, నాకు అన్ని తప్పులా? అప్పుడు అమ్మాయి మొదటి ఆదివారం కాగితం పక్కన పెట్టి, దాని జవాబులకి ఎదురుగా కీలో ఒక్కో గడి కిందికి చూస్తూ వెళ్లాను. పదిహేడో జవాబు కీలో పద్దెనిమిది దగ్గరుంది. పద్దెనిమిదోది పంతొమ్మిది దగ్గర.

పదిహేడో ప్రశ్న కొట్టేసింది నేను. కింద ఉన్నవన్నీ ఒక్కో నంబరు పైకి జరిపింది నేను. నువ్వు పంపిన కొత్త ప్రశ్నని నలభైగా ఆఖర్న పెట్టింది నేను. కీ పేజీలు అప్పటికే మెషిన్ మీద అచ్చయిపోయాయి. వాటిని మళ్లీ వేయించాలని నాకు తెలుసు. మా దగ్గర కీ అంటే ఒకళ్లు పైకి చదువుతుంటే ఇంకొకళ్లు ప్రశ్న పక్కన పెట్టి చూడాలి, అది నియమం. ఆ సాయంత్రం గెలిచాను కదా, ఆ ప్రశ్న మీద వ్యాసం రాయడానికి కూర్చున్నాను. కీ చూడలేదు.

అమ్మాయికి మొదటి ఆదివారం వచ్చింది ఇరవై కాదు. కీ జరిపి దిద్దితే ముప్పై నాలుగు. నలభయ్యోదానికి కీలో జవాబే లేదు, అది కూడా ఒప్పే పెట్టింది. ముప్పై అయిదు. నీ సూత్రాలేవీ మొదలుపెట్టకముందు, పాసేజీలు పూర్తిగా చదివి, టైములోనే.

రెండోసారి, మూడోసారి మార్కులు ఎందుకు పెరిగాయో చూస్తావా? తప్పు కీకి దగ్గరగా జరిగింది కాబట్టి. మార్జిన్లో కారణాలు రాసుకుంది తమ్ముడూ. తప్పు జవాబు ఎందుకు ఒప్పో, ఎంత తెలివిగా కల్పించుకుందో నీకు చదివి వినిపించాలి. నోట్సు ఆఖరి పేజీలో ఎర్ర సిరాతో ఒక వాక్యం: 'నాకు కరెక్టు అనిపిస్తే అది ఉచ్చు.' అది నీ తొమ్మిదో సూత్రం, నా కీ, రెండూ కలిస్తే వచ్చిన పాఠం.

నేను నీ మీద అరవడానికి ఏమైనా మిగిలితే ఒక్కటే. అరవై మంది ఒకే పరీక్షలో ఒకే చోటి నుంచి జారుతుంటే, ఒక్కళ్ల కాగితమైనా నువ్వెందుకు చూడలేదు?

అక్క

మే 27

అక్కా,

నాలుగుసార్లు చదివాను. తర్వాత నా చేతిరాత కీ తీసి పోల్చాను. నువ్వు చెప్పింది నిజం.

ఎందుకు చూడలేదన్నావు. మూడో పరీక్షలో అందరూ జారుతుంటే గర్వపడ్డాను. 'మాస్టారి మూడో పరీక్ష' అని పిల్లలు భయపడుతూ చెప్పుకుంటుంటే మెట్ల మీద నిలబడి విన్నాను. అంత గట్టి పరీక్ష తయారు చేశానని మురిసిపోయాను. నాలుగు బ్యాచీలు, తీరిక లేదు అని రాద్దామనుకున్నాను గానీ, తీరిక ఉంది.

అయితే ఒకటి ఆలోచించు. రెండో విడతకి నెల ఉంది. ఇప్పుడు బయటపెడితే పిల్లలు గాబరా పడతారు, తల్లిదండ్రులు మెట్లెక్కి వస్తారు. మిగిలిన పుస్తకాల్లో సవరణ చీటీ అతికించి ఊరుకుందాం. మన అమ్మాయికి మాత్రం ప్రెస్సులో పొరపాటు జరిగిందని చెప్పు. చాలు. నీ పేరూ రాదు, నా పేరూ రాదు.

దానికి ముప్పై అయిదు వచ్చిందన్నది నాకు మింగుడు పడటం లేదు. ఆ పిల్లని కూర్చోబెట్టి, పాసేజీ చదవకు తల్లీ అన్నాను.

తమ్ముడు

జూన్ 3

తమ్ముడూ,

ప్రెస్సులో పొరపాటు అంటే ఎవరు? మెషినా? సిరానా? ఇన్నేళ్లుగా నేను ప్రభుత్వాల మీద రాసిందంతా ఈ ఒక్క వాక్యం మీదే. 'పొరపాటు జరిగింది' అంటారు, చేసినవాడు ఉండడు. నా వంతు వచ్చేసరికి అదే వాక్యం నా నోట్లో పెడుతున్నావు. ఒక రోజంతా అది నోట్లో పెట్టుకుని తిరిగాను కూడా, చెప్పుకోవాలి.

నిన్న చెప్పేశాను. ఆసుపత్రి నుంచి వచ్చి చేతులు కడుక్కుంటోంది. కాగితాలు బల్ల మీద పరిచి, కీ ఒక గడి జరిపి చూపించాను. ఎవరు ఏం చేశామో వరసగా చెప్పాను. తడి చేతులతోనే నిలబడి మొత్తం చూసింది.

"అయితే ఇవన్నీ ఒప్పులేనా?" అంది.

"ఒప్పులే."

"మొదటి ఆదివారం నుంచీ?"

"మొదటి ఆదివారం నుంచీ."

కుర్చీలో కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "మీరిద్దరూ రాసుకున్న ఉత్తరాలు చూపించు," అంది. నీవి ఇచ్చాను. నావి నీ దగ్గరున్నాయి కాబట్టి నేనేం రాశానో అడిగి చెప్పించుకుంది. అంతా విని, "నాకు ఇరవై ఎందుకొచ్చిందో మామయ్యకి ఒక కారణం తెలుసు, నీకు ఒక కారణం తెలుసు. ఏం పెట్టావు, ఎందుకు పెట్టావు అని ఒక్కళ్లూ అడగలేదు," అంది.

నేను ఊరుకునే మనిషిని కాదు కదా. పొద్దున పరీక్షల బోర్డుకి ఒక వినతిపత్రం తయారు చేశాను, పదకొండు డిమాండ్లు. ఆ గీత తీసెయ్యాలి, టైము పెంచాలి, బళ్లలో టీచర్లని వెయ్యాలి. దానికి చదివి వినిపించాను. "ఇవి మంచివే అమ్మా, పంపించు. కానీ ముందు మీ ఇద్దరితో తేలాల్సినవి ఉన్నాయి," అని నా చేతిలో పెన్ను తీసుకోబోయి, మళ్లీ నాకే ఇచ్చి రాయమంది. తను చెప్పింది చెప్పినట్టు ఈ ఉత్తరం కింద రాశాను. ఒక చోట మాట మార్చబోతే ఆపింది. రెండో విడతకి దరఖాస్తు ఈ పొద్దున పెట్టింది. పరీక్ష రాస్తుంది, వీటికి నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. నేను ఒప్పుకున్నాను. నీ జవాబు దానికే రాయి.

అక్క

1. మూడో పరీక్ష కీలో తప్పు ఎక్కడుందో, ఎలా వచ్చిందో కాగితం మీద అచ్చు వేసి, ఆ పుస్తకం ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ వారంలో అందించాలి. కింద అమ్మ పేరూ మామయ్య పేరూ రెండూ ఉండాలి.

2. ఆ పరీక్ష రాసిన వాళ్లందరి కాగితాలూ మామయ్య మళ్లీ దిద్ది, అసలు మార్కు ఎంతో ఒక్కొక్కరికీ విడిగా చెప్పాలి. పాసైన వాళ్లకి కూడా.

3. తొమ్మిదో సూత్రం పుస్తకంలోంచి తీసెయ్యాలి. మిగతావి ఉండొచ్చు. టైము పంచుకునే సూత్రం నాకు పనికొచ్చింది, అది అమ్మ ఒప్పుకోవాలి.

4. అమ్మ నా మీద వ్యాసం రాయకూడదు.

5. నా చదువు గురించి మీరిద్దరూ ఒకళ్లకొకళ్లు ఉత్తరాలు రాసుకోవడం మానెయ్యాలి. రాయాల్సింది ఉంటే నాకు రాయండి.

6. నా జవాబు తప్పని చెప్పే ముందు, అది ఎందుకు పెట్టానో నన్ను అడగాలి.